రెండు బుట్టల వాగ్దానాలు

దేవుడి పనిలో చెయ్యి పెట్టకూడదని మరియదాసుకి తెలియక కాదు. మనిషి సంఘంలో పెద్ద. పన్నెండేళ్ళుగా ఆయన గంట కొడితేగానీ ఆరాధన మొదలవదు. అయినా పెట్టాడు. ఎందుకు పెట్టాడో, పెట్టిన చెయ్యి ఎలా ఇరుక్కుందో చెబుతాను వినండి. మా ఇంట్లో ఇలాంటివి జరగవని మాత్రం అనకండి, మీ ఆవిడ పక్కనే ఉంది.

భవానీపూర్‌లో మరియదాసు ఎవరని అడిగితే ఎవరూ చెప్పలేరు. చాబీ దా, అంటే తాళంచెవి అన్నయ్య, ఎవరంటే కుక్కపిల్ల కూడా దారి చూపిస్తుంది. కార్పొరేషన్‌లో నీళ్ళ వాల్వులు తిప్పే ఉద్యోగం ఆయనది. రోడ్డు మీద ఇనప మూత తీసి, మనిషంత పొడుగు చాబీ లోపలికి దింపి నాలుగు చుట్లు తిప్పితే మూడు సందుల్లో కుళాయిలకి నీళ్ళొస్తాయి. తిప్పకపోతే రావు. బకెట్లు పట్టుకుని బెంగాలీ వదినలు, అదే బౌదీలు, "చాబీ దా, ఇంకో పావుగంట ఉంచండి" అని బతిమాలుతుంటే మరియదాసు ఆకాశం వైపు చూసి, కాసేపు ఆలోచించి, సరే అనేవాడు. ముప్ఫై నాలుగేళ్ళు ఇలా గడిచాయి.

ఈ జనవరి ముప్ఫై ఒకటిన రిటైర్మెంటు. ఆ తర్వాత క్వార్టరు ఖాళీ చెయ్యాలి. చేసి ఎక్కడికెళ్ళాలన్నదే గొడవ.

భార్య పుష్పరాణి ఊరికి వెళ్ళిపోదామంటుంది. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన, తమ్ముడి ఇంటిని ఆనుకుని ఆవిడకి రెండు గదులున్నాయి. మరియదాసు ఇక్కడే ఓ గది అద్దెకి తీసుకుని ఉండిపోదామంటాడు. ఆరు నెలలుగా ఇంట్లో అన్నం ఉడికినా ఉడక్కపోయినా ఈ మాట మాత్రం ఉడుకుతూనే ఉంది.

అక్కడ ఆసుపత్రి లేదని ఆయనంటే, నీకున్న రోగం ఒక్క బద్ధకమే, దానికి ఏ ఊళ్ళోనూ మందు లేదని ఆవిడంటుంది. కూతురు సునీత సాల్ట్ లేక్‌లో ఉందని ఆయనంటే, ఇక్కడున్నా అది మనల్ని చూసేది ఫోన్లోనే కదా అంటుంది. చివరికి ఏమీ తోచక ఒకరోజు, అక్కడ మంచి చేప దొరకదన్నాడు.

"సముద్రం ఒడ్డున ఉండబోతూ చేపకి బెంగెట్టుకున్న మనిషిని నిన్నే సూసినానయ్యా," అంది పుష్పరాణి.

అసలు కారణం వేరే ఉంది. అది చెప్పడానికి ఆయనకి సిగ్గు.

ఇప్పుడు కార్డుల సంగతి చెప్పాలి. తెలుగు చర్చిల్లో ఎన్నాళ్ళుగానో ఉన్న ఆచారమే. జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక బుట్టలోంచి తలా ఒక కవరు తీస్తారు. లోపల ఒక వాక్యం ఉంటుంది. ఆ ఏడాదంతా దేవుడు నీతో చెప్పే మాట అదేనన్నమాట. మగవాళ్ళ వైపు ఒక బుట్ట, ఆడవాళ్ళ వైపు ఒక బుట్ట. చర్చిలో విప్పకూడదు. ఇంటికెళ్ళి ప్రార్థన చేసుకుని విప్పాలి.

వాగ్దాన కార్డంటే పుష్పరాణికి కోర్టు ఆర్డరు. ఒక ఏడాది భయపడకు అని వచ్చింది. బల్లిని చూస్తే మంచమెక్కే మనిషి ఆ ఏడాది పొడుగునా చీపురు పట్టుకుని బల్లుల్ని తరిమింది, కొత్త ఏడాది రాగానే మళ్ళీ మంచమెక్కింది. ఇంకో ఏడాది నోటికి కావలి పెట్టుకోమని వచ్చింది. మరియదాసు జీవితంలో అంత ప్రశాంతమైన సంవత్సరం అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

అదిగో, అది గుర్తొచ్చి పుట్టింది బుద్ధి. ఊరొద్దన్న మాట నేను చెబితే వినదు, దేవుడు చెబితే వింటుంది. మరి దేవుడి చేత చెప్పిస్తే పోలా అనుకున్నాడు.

ఏటా హౌరాలోని ఒక చిన్న ప్రెస్సులో కార్డులు అచ్చువేయించి తెచ్చేది మరియదాసే. పుష్పరాణి స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు కాబట్టి కవర్లలో పెట్టి అంటించే పని ఆవిడది. రెండు బుట్టలూ క్రిస్మస్ నుంచి వాళ్ళింట్లోనే బీరువా మీద ఉంటాయి. ఆవిడ వచ్చేటప్పుడు ఫలానా కవరే చేతికి తగలాలంటే ఎలా? మరియదాసు రెండు రోజులు ఆలోచించాడు. ఒక కార్డు చేతికి తగిలేలా చెయ్యలేం గానీ, బుట్టలో అన్నీ అదే కార్డయితే తగలక ఏంచేస్తుంది?

పరదేశివైనా సరే ఈ దేశంలోనే ఉండు, ఎక్కడికీ పోకు, నీకు తోడుంటాను అని దేవుడు వెనకటి రోజుల్లో ఒక భక్తుడితో అన్న మాట ఉంది కదా, అది పట్టుకున్నాడు. ఫెర్రీ ఎక్కి హౌరా వెళ్ళి, ఆ ఒక్క వాక్యమే అరవై కార్డులు వెయ్యమన్నాడు. ప్రెస్సు దాదాకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అయినా ఆయన కళ్ళజోడు పైకెత్తి, అన్నీ ఒకటే వెయ్యమంటున్నారు, మీరు కూడానా అని నవ్వాడు. అంటే వేరే సంఘాల్లోనూ ఇలా చేస్తున్నారన్నమాట అనుకుని మరియదాసుకి కొండంత ధైర్యం వచ్చింది.

డిసెంబరు ముప్ఫై ఒకటిన పుష్పరాణి కేకు సరుకులకి బజారుకెళ్ళింది. మరియదాసు ఆడవాళ్ళ బుట్ట దింపి, పాత కవర్లన్నీ సంచిలో పోసి మంచం కింద తోసి, కొత్తవి నింపాడు. పక్కనే మగవాళ్ళ బుట్ట ఉంది. దాని జోలికి పోలేదు. ఎంతయినా తనూ అందులోంచి ఒకటి తియ్యాలి, తన వాగ్దానం తనే ముందు చూసుకోవడం పాపం కాదూ? అంతవరకు దైవభయం ఉంది మనిషికి.

తెల్లారి ఆరాధన ఘనంగా జరిగింది. పాస్టరు జయప్రకాశ్ అయ్యగారు నలభై నిమిషాలు ప్రసంగించి, దేవుడు ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడతాడని ముగించారు. మరియదాసు పైకప్పు చూశాడు. ఆడవాళ్ళు వరసగా వచ్చి కవర్లు తీస్తుంటే వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పుష్పరాణికి ఒక్కదానికే అనుకున్నది, ఇంతమందికీ వెళ్తోందే అని అప్పుడు తట్టింది. పోనీలే, ఎవరి ఊళ్ళో వాళ్ళని ఉండమంటే ఎవరికి నష్టం అని సర్దుకున్నాడు. తనూ వెళ్ళి మగవాళ్ళ బుట్టలోంచి ఒకటి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి ఇద్దరూ చాప మీద మోకరించారు. ప్రార్థన అయ్యాక పుష్పరాణి కవరు విప్పింది. చదివింది. మళ్ళీ చదివింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మరియదాసు లోపల నవ్వుకుంటూ, ఏటొచ్చిందే అని అమాయకంగా అడిగి, తన కవరు చింపాడు.

నీ తండ్రుల దేశానికి, నీ బంధువుల దగ్గరికి తిరిగి వెళ్ళు అని ఉంది.

మరియదాసుకి చాప కింద నేల కదిలినట్టయింది. ఇన్నేళ్ళుగా ఆయనకో సందేహం ఉండేది. బుట్టలో చెయ్యి పెట్టినప్పుడు ఆ కవరు చేతికి అందించేదెవరు? గాలివాటమా, దేవుడా? ఇవాళ జవాబు దొరికింది. నువ్వు ఆడవాళ్ళ బుట్టలో ఆట ఆడితే నేను మగవాళ్ళ బుట్టలో ఆడతానురా అని పైనున్నాయన చెవి మెలిపెట్టాడు. ఇంక దాచి లాభం లేదనుకుని, మోకాళ్ళ మీదే ఉన్నాడు కాబట్టి, గట్టిగా ప్రార్థన అందుకున్నాడు.

"ప్రభువా, నాది వంకర బుద్ధి. ఆసుపత్రి అన్నాను, చేప అన్నాను, అన్నీ అబద్ధాలే. ఇక్కడ నేను చాబీ తిప్పితే మూడు సందులకి నీళ్ళు. అక్కడికెళ్తే నేనెవరిని? పుష్పరాణి మొగుణ్ణి. అదే నా భయం. అయినా నువ్వు ఎల్లమన్నావు. ఎల్తాను. ఆమెన్."

పుష్పరాణి ఒక కన్ను తెరిచి చూసింది. తర్వాత మూసుకుని తనూ మొదలెట్టింది. ఊరు, ఊరని ఆరు నెలలు మొగుణ్ణి వేధించానని, దేవుడు ఇక్కడే ఉండమంటే ఎదురు చెప్పేదాన్ని కాదని, ఇంక ఊరి మాటెత్తితే ఒట్టని ఏకరువు పెట్టింది.

అయిదు నిమిషాల్లో ఆ ఇంట్లో యుద్ధం తిరగబడింది. ఎల్దామని ఆయన, ఉందామని ఆవిడ. నాకొచ్చిన వాక్యం కాదంటావా అని ఆయన, మరి నాకొచ్చింది దేవుడు రాయలేదా అని ఆవిడ. ఇద్దరూ దేవుడి పక్షమే. ఇద్దరూ చెమటలు కక్కుతున్నారు.

అంతలో కూతురు సునీత, అల్లుడు రమణబాబు కొత్త సంవత్సరం భోజనానికొచ్చారు. ఇద్దరూ ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. తెలుగు మాట్లాడతారు గానీ చదవమంటే అక్షరాల వైపు అపరిచితుల్ని చూసినట్టు చూస్తారు. అందుకని ఏటా చర్చిలో తీసిన కార్డులు ఇక్కడికి తెచ్చి చదివించుకుంటారు.

అల్లుడి కార్డు తీసుకుని మరియదాసు చదవబోయాడు. కార్డు తిప్పి వెనక కూడా చూశాడు. అచ్చం తన కార్డే. తండ్రుల దేశం, బంధువులు, తిరిగి వెళ్ళు, అన్నీ ఉన్నాయి.

చదివి వినిపించక తప్పలేదు. రమణబాబు మొహం వెలిగిపోయింది. వాళ్ళది మూడు తరాలుగా ఖిదిర్‌పూర్ ఓడరేవులో పనిచేసిన కుటుంబం. "తండ్రుల దేశం అంటే ఖిదిర్‌పూరే కదా మావయ్యా. అమ్మ దగ్గరికి వచ్చెయ్యమని దేవుడే చెప్పాడు," అన్నాడు. అత్తగారింట్లోంచి బయటపడి సాల్ట్ లేక్‌లో వేరే కాపురం పెట్టడానికి ఏడాదిన్నర పోరిన సునీత, తన కార్డు తండ్రి చేతిలో పెట్టి, నాకేముందో చూడు నాన్నా అంది. ఉన్నచోటే ఉండమని ఉందని మరియదాసు చెప్పాడు.

"అయితే నువ్వెళ్ళు, నేనుంటాను," అంది సునీత మొగుడితో. అని ఊరుకోలేదు. వంటింట్లోకి పోయి ఏడ్చింది. రమణబాబు అమ్మకి ఫోను చేసి, గది సర్దమని చెప్పాడు.

కూతురి ఏడుపు విని మరియదాసు వంటింటి వైపు లేచాడు. అప్పుడే తలుపు కొట్టి గవరయ్య వచ్చాడు. మరియదాసుకి పని నేర్పి, రెండో డ్యూటీలో అదే చాబీ తిప్పింది ఆయనే. రిటైరయి ఆరేళ్ళయింది. ఆయన చేతిలో అదే కార్డు. ఊరెళ్దామంటే భార్య హైమ, మీకొచ్చింది మీరెళ్ళండి, నాకొచ్చింది నేనుంటాను, మధ్యాహ్నానికి పప్పు సగమే వండుతాను అందట. ఆ వెనక అయ్యగారి ఫోను. ఆయనకి వెళ్ళమని వచ్చిందట, అమ్మగారికి ఉండమని వచ్చిందట. అది ట్రాన్స్‌ఫరుకి సూచనేమోనని ఆయన పుస్తకాలు కట్టలు కడుతుంటే అమ్మగారు విప్పుతున్నారట. పొద్దున్నుంచి పద్దెనిమిది ఇళ్ళనుంచి ఇదే కబురు, మగాళ్ళందరూ వెళ్ళాలి, ఆడాళ్ళందరూ ఉండాలి, సాయంత్రం అందరూ చర్చికి రండి అన్నారు.

ఆడాళ్ళ సంగతి మరియదాసుకి తెలుసు. మగాళ్ళకి ఎవరు చేశారు? దేవుడు ఇన్ని కార్డులు అచ్చువేయిస్తాడా? ఫోను పెట్టేసి తల తిప్పాడు. పుష్పరాణి అంతకు ముందే ఆయన్ని చూస్తోంది. హౌరా దాదా, మీరు కూడానా అని ఎందుకు నవ్వాడో అప్పుడు అర్థమైంది.

"ఎప్పుడు మార్చినావు?" అన్నాడు మరియదాసు.

"మొన్న సాయంత్రం నువ్వు డ్యూటీకెల్లినప్పుడు. నువ్వో?"

"నిన్న నువ్వు బజారుకెల్లినప్పుడు."

"మరి పక్కనే ఉన్న మగాళ్ళ బుట్ట కేసి సూడనేదేటి?" అంది పుష్పరాణి.

"నీ వాగ్దానం నువ్వే ముందు సూడకూడదని ఆడాళ్ళ బుట్ట నువ్వెలగ ముట్టలేదో, నానూ అలగే," అన్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు గానీ, ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుంటారని ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం చర్చి నిండిపోయింది. మగాళ్ళందరి చేతుల్లో ఒకే కార్డు, ఆడాళ్ళందరి చేతుల్లో ఒకే కార్డు. అయ్యగారు లేచి, కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉన్న గొంతుతో, ఇది దేవుడి పనైతే మోకరిద్దాం, మనిషి పనైతే ఆ మనిషి లేచి నిలబడాలి అన్నారు. పుష్పరాణి తేలు కుట్టిన దొంగలా నేల చూస్తోంది. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఇరవై ఏళ్ళుగా ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు వెళ్ళి ప్రార్థన చేసిన మనిషి. అందరి ముందు ఆవిడ తల వంగడం మరియదాసు చూడలేకపోయాడు. ఎన్ని గొడవలున్నా అది మాత్రం చూడలేకపోయాడు.

లేచి నిలబడ్డాడు. రెండు బుట్టలూ నేనే మార్చానన్నాడు.

చర్చి గగ్గోలెత్తింది. అయ్యగారు చెయ్యెత్తి, మరి రెండు బుట్టల్లో రెండు మాటలెందుకు పెట్టావు మరియదాసూ అని అడిగారు. అది ఆయన ఆలోచించుకోలేదు. నోటికొచ్చింది చెప్పాడు. ఆడాళ్ళకి పిల్లల దగ్గర ఉండాలని ఉంటుంది కదా, అందుకని వాళ్ళకి ఉండమని పెట్టాను. నాకేమో ఊరి మీద మనసు. చెప్పుకోలేక మగాళ్ళకి వెళ్ళమని పెట్టాను. ఇలా చెప్పి, బాగానే కుదిరిందనుకుని చెమట తుడుచుకున్నాడు.

సంఘం మెత్తబడిపోయింది. అయ్యో పాపం, ఊరి మీద ఇంత బెంగ పెట్టుకుని పెళ్ళానికి చెప్పుకోలేక ఎంత పనికి ఒడిగట్టాడో అన్నారు. అమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. గవరయ్య భార్య హైమ పుష్పరాణి భుజం పట్టుకుని, కాదనకమ్మా, మగాడు మనసు చంపుకుంటే మంచిది కాదు, ఆయన్ని ఊరికి తీసుకెళ్ళు అని బతిమాలింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ అదే మాట.

పుష్పరాణి కొంగుతో ముక్కు తుడుచుకుని, చాలాసేపు ఆలోచించినట్టు ఆగి, అయ్యగారి వైపు చూసింది.

"నాకు ఇక్కడే ఉండాలని ఉంది అయ్యగారూ. కానీ సంఘం అంతా అడుగుతుంటే, ఆయన కోసం ఎల్తాను."

అందరూ ఆమెన్ అన్నారు. అయ్యగారు అక్కడికక్కడే ముప్ఫై ఒకటో తారీకున వీడ్కోలు కూటం ప్రకటించారు, స్త్రీల సమాజం బిరియానీ బాధ్యత తీసుకుంది. మంచం కింద సంచీ, పుష్పరాణి పిండి డబ్బాలో దాచిన మగాళ్ళ పాత కవర్ల మూటా తెప్పించి, వచ్చే ఆదివారం అందరూ మళ్ళీ తియ్యాలన్నారు. సునీత, రమణబాబు ఒకే ఆటోలో సాల్ట్ లేక్ వెళ్ళిపోయారు. మరియదాసు మాత్రం బెంచీ మీదే కూర్చుండిపోయాడు. వచ్చినవాళ్ళందరూ చెయ్యి కలిపి, మీ కోరిక తీరింది దాదా అని అభినందించి వెళ్ళారు.

ఇంటికొచ్చాక బద్దలయ్యాడు. నీ తల వంగకూడదని నీ పాపం నెత్తినేసుకుంటే, దాన్నే పట్టుకుని నన్ను ఊరికి ఈడుస్తావా అన్నాడు. పొద్దున ప్రార్థనలో నేను చెప్పిందంతా విన్నావు, అక్కడ నేనెవరినీ కానని విన్నావు, అయినా జాలి లేదా అన్నాడు.

పుష్పరాణి స్టవ్ కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ప్రార్థనలో సెప్తేగాని నాకు తెల్దనుకున్నావేటి? నాకు ముందే తెలుసు. నువ్వు ఫిబ్రవరి ఒకటి గురించి ఆలోసించినావా? చాబీ కొత్త కుర్రోడి సేతిలో ఉంటది. నువ్వు రోడ్డు పక్క నిలబడి, అలగ కాదు, ఇలగ తిప్పు అంటావు. గవరయ్య బావ ఆరేళ్ళనుంచి రోజూ అలగే నిలబడి నీకు సెప్తన్నాడు కదా. నువ్వేటన్నావు ఆయన్ని మొన్న?"

ఏమన్నాడో మరియదాసుకి గుర్తొచ్చింది. పక్కకి తప్పుకో ముసలాయనా, నా పని నాకు తెలుసు అన్నాడు. బౌదీలందరూ నవ్వారు. తనూ నవ్వాడు.

"ఆ రోజు బకెట్టట్టుకుని నానూ అక్కడే ఉన్నాను," అంది పుష్పరాణి. "నిన్ను ఇంకోడు అలగంటే నాను సూడలేనయ్యా. అందుకే ఊరన్నాను. తమ్ముడూ కాదు, గదులూ కాదు. అక్కడ నువ్వు నా మొగుడివే అయితే ఏటి? ఇక్కడ నిన్ను తప్పుకోమనేవోడు ఉంటాడు, అక్కడ ఉండడు."

కిందనున్న కుళాయి దగ్గర ఎవరో బకెట్ పెట్టిన చప్పుడు వినబడింది. మరియదాసు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ముందే ఈ మాట చెప్పొచ్చు కదా అన్నాడు. నువ్వు చేప అంటుంటే నేనెలా చెప్పేది అందావిడ.

చివరికి ఆయన్ని తొలుస్తున్న సందేహం బయటపెట్టాడు. "ఇంతకీ పుష్పా, ఆ కార్డుల్లో దేవుడు మాట్లాడినట్టా, మాట్లాడనట్టా?"

"కార్డుల్లో ఏటో నాకు తెల్దు," అంది పుష్పరాణి. "బయమేసి ఇద్దరం నిజం సెప్పుకున్నాం. ఆరు నెల్లనుంచి అది మన వల్ల అయిందేటి?"

మరియదాసు మర్నాడు పొద్దున్నే గవరయ్య ఇంటికెళ్ళి క్షమించమని అడిగాడు. అట్నుంచటే టిక్కెట్లు తియ్యడానికి హౌరా వెళ్ళాడు. నాకు అరవై నిండాయి, మెట్లెక్కలేను, రెండూ కింది బెర్తులే ఇవ్వండని కౌంటరులో గట్టిగా అడిగాడు. ఒకటి కిందది, ఒకటి పైది దొరికాయి. ఏది ఎవరికో మీకు చెప్పక్కర్లేదు.